మీవారెక్కడమ్మా?

ఒంటరిగా ప్రయాణం చేస్తున్న ఆడదాన్ని లోకం మొట్టమొదట అడిగే ప్రశ్న “ఎక్కడికమ్మా?” అని కాదు, “మీవారు రాలేదా?” అని. రైలుపెట్టెలో ఎదురుసీటావిడ మరచెంబు మూత తీస్తూ అడుగుతుంది. సత్రంలో గుమాస్తా రిజిస్టరు తెరుస్తూ అడుగుతాడు. జవాబు తృప్తిగా లేకపోతే ఆవిడ పెదవి విరుస్తుంది, ఆయన తాళంచెవి ఇవ్వడు. ఇది ఒక్క మన దేశపు సొత్తే అనుకునేరు! నూట ముప్ఫై ఏళ్ళ కిందట, భూమధ్యరేఖ దగ్గర, పడమటి ఆఫ్రికా అడవుల్లో తిరుగుతున్న ఒక ఇంగ్లీషు దొరసానిని కూడా పల్లెపల్లెలోనూ ఇదే ప్రశ్న అడిగారు.

ఆవిడకు ఆయన లేడు. పెళ్ళే కాలేదు. ఆ మాట ఉన్నదున్నట్టు చెబితే వినేవాళ్ళు బిత్తరపోయి, అయ్యో పాపమని, ఇంకో పది ప్రశ్నలు వేసేవారు. అంచేత ఆవిడ ఒక చిట్కా కనిపెట్టింది. “ఆయన్నే వెతుక్కుంటూ పోతున్నాను” అంటూ, తను ఏ దిక్కుకు పోదలచుకుందో ఆ దిక్కుకు చెయ్యి చూపించడం! దాంతో అందరికీ జాలి కలిగేది. జాలితోపాటు సాయమూ దొరికేది. ఒంటరిగా తిరిగే ఆడవాళ్ళందరికీ ఈ ఉపాయం పనికొస్తుందని తన పుస్తకంలో సిఫారసు కూడా చేసింది.

ఆవిడ పేరు మేరీ కింగ్‌స్లీ. నవలలు రాసేదాన్ని కనక, కథానాయికలకు కష్టాలు కల్పించడంలో నాకు కొద్దో గొప్పో అనుభవముంది. కానీ ఈవిడ జీవితాన్ని ఉన్నదున్నట్టు సీరియల్‌గా రాసి పంపితే మాత్రం, “కాస్త నమ్మేట్టు రాయండమ్మా” అని ఏ సంపాదకుడైనా తిప్పి పంపిస్తాడు.

మేరీ 1862 అక్టోబరు 13న లండన్‌లో పుట్టింది. తండ్రి జార్జి కింగ్‌స్లీ డాక్టరు. తల్లి ఆయన ఇంట్లో పనిచేసిన మనిషి. మేరీ పుట్టడానికి సరిగ్గా నాలుగు రోజుల ముందు వాళ్ళ పెళ్ళి జరిగింది. తండ్రిగారికి ఇంట్లో కాలు నిలిచేది కాదు. గొప్ప గొప్ప ప్రభువుల వెంట వైద్యుడిగా దేశాలన్నీ తిరిగేవాడు. దక్షిణ సముద్రాల దీవులనుంచీ, అమెరికానుంచీ ఉత్తరాలు రాసేవాడు. ఆ ఉత్తరాలు ఇంట్లో కూచుని చదివింది మేరీ. తల్లి చాలాకాలం మంచంలోనే ఉండడంతో ఇంటి బరువంతా ఈ పిల్లమీదే పడింది. తమ్ముడి చదువుకు రెండువేల పౌన్లు ఖర్చుపెట్టారనీ, తన చదువుకని డబ్బు పెట్టింది జర్మన్ నేర్పించడానికి ఒక్కదానికేననీ తరవాత ఆవిడే చెప్పుకుంది. ఆ జర్మన్ అయినా తండ్రికి పుస్తకాలు చదివి పెట్టడానికే. బడిమొహం చూడని ఆ పిల్ల తండ్రి బీరువాల్లో ఉన్న పుస్తకాలే చదివి పెద్దదయింది. తండ్రి ఒడ్లు దాటుతుంటే కూతురు గడప దాటలేదు.

1892లో కొద్ది వారాల తేడాలో తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. అప్పటికి మేరీకి ముప్ఫై నిండలేదు. తమ్ముడు తూర్పుదేశాల ప్రయాణం పెట్టుకున్నాడు. పొద్దున లేస్తే మందు పోయవలసిన మనిషి లేదు, రాత్రి అన్నం పెట్టవలసిన మనిషి లేదు. ఆ వయసులో ఆడది ఇలా మిగిలిపోతే చుట్టాల పిల్లల్ని పెంచడానికో, ఎవరింట్లోనైనా చేదోడు వాదోడుగా ఉండడానికో పనికొస్తుందనుకోవడం అక్కడా మామూలే. ఆవిడ మాత్రం అట్లాసు తీసింది. తండ్రి వివిధ జాతుల పూజలూ బలులూ గురించి ఒక గ్రంథం మొదలుపెట్టి సగంలో వదిలేశాడు. దానికి కావలసిన సంగతులు సేకరించాలి కనక పడమటి ఆఫ్రికా వెళ్తానంది. తండ్రి పని పూర్తి చేస్తానంటే ఎవరు కాదంటారు?

కాదనలేదుగానీ భయపెట్టారు. పడమటి ఆఫ్రికాను ఆ రోజుల్లో తెల్లవాళ్ళ శ్మశానం అనేవారు. అంతకంటే ప్రాణాంతకమైన చోటు భూమ్మీద లేదని తెలిసిన డాక్టర్లు చెప్పారు. మన పెద్దలు కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అనేవారు కదా, ఆ ఓడలవాళ్ళదీ అదే శాస్త్రంలా ఉంది: ఆ దారిలో రానూపోనూ టిక్కెట్టు అమ్మరని చెప్పారట. ఆ ప్రాంతపు భాషలో రోజూ పనికొచ్చే మాటల పుస్తకం ఒకటి తిరగేస్తే, అందులో మొట్టమొదట నేర్పింది నీళ్ళలో మునిగిపోతూ కేకలు వెయ్యడం!

1893 ఆగస్టులో లివర్‌పూల్‌నుంచి సరుకుల ఓడలో బయలుదేరింది. ఆ యాత్రనుంచి క్షేమంగా వచ్చింది. రెండోసారి 1894 డిసెంబరులో వెళ్ళి 1895 నవంబరుదాకా ఉంది. ఈసారి ఇంకో పని కూడా ఉంది. బ్రిటిష్ మ్యూజియంలో జంతుశాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ గుంథర్, మంచినీటి చేపలు పట్టి తెమ్మని సీసాలూ సామానూ ఇచ్చాడు. ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉన్న గబాన్ దేశంలో ఓగోవే నది పొడుగునా తిరిగి, అక్కడినుంచి కాలినడకన అడవికి అడ్డంపడి రెంబ్వే నదికి చేరుకోవాలని ఆవిడ పథకం.

ఇక వేషం సంగతి చెప్పాలి. మెడదాకా బొత్తాలు పెట్టిన జాకెట్టు, పాదాలదాకా దిగిన దళసరి ఉన్ని లంగా, నెత్తిన టోపీ, చేతిలో గొడుగు. ఇంగ్లండులో ఎలా ఉండేదో ఆ ఎండలోనూ అలాగే. అడవికి పోతున్నావు, మగవాళ్ళ దుస్తులు వేసుకోమని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. ఆవిడ ససేమిరా అంది. ఒకనాడు దారిలో ఆకులు కప్పిన గోతిలో దబ్బున పడింది. అది మృగాలకోసం తవ్విన గొయ్యి. పదిహేను అడుగుల లోతు. అడుగున అడుగేసి పొడుగున్న నల్లచేవ ములుకులు పాతి ఉన్నాయి. దళసరి లంగా కుచ్చెళ్ళు కిందికి చేరి కాపాడాయి కనక ఆవిడకు ఒళ్ళు చెక్కుచెదరలేదు. తోడున్నవాళ్ళు తీగలు పేని పైకి లాగారు. లంగాను మెచ్చుకుంటూ, మగదుస్తుల సలహాదారులను ఆవిడ దెప్పిన తీరు చదువుతుంటే పడీపడీ నవ్వాను.

జంతువులతో ఆవిడ వ్యవహారమంతా ఇంటి ఇల్లాలి ధోరణిలోనే ఉంటుంది. మడ అడవుల నీళ్ళలో పడవ నడుపుతుంటే ఒక మొసలి ముందుకాళ్ళు రెండూ పడవ అంచున వేసి ఎక్కబోయింది. తెడ్డు తీసి దాని ముట్టెమీద ఒక్కటి వేసింది. పిలవని పేరంటానికి వచ్చినదాన్ని గుమ్మంలోంచే పంపేసినట్టు! ఇంకో రాత్రి తను పడుకున్న గుడిసె ముందు చిరుతపులీ కుక్కా కలబడి పోట్లాడుకుంటుంటే లేచివచ్చి, చేతికందిన పీటలు విసిరి ఆ రెంటినీ విడదీసింది. చిరుత ఈవిడవైపు తిరిగింది. పక్కన నీళ్ళ కూజా ఉంది. ఎత్తి కొట్టింది. కూజా చిరుత నెత్తిన భళ్ళున పగిలింది, చిరుత అడవిలోకి పరుగెత్తింది. పీటలూ కూజాలూ! మన వంటింట్లో లేని ఆయుధం ఒక్కటైనా ఉందా అందులో?

ఆ కాలంలో ఆఫ్రికా వెళ్ళిన తెల్లదొరలు తలలూ తోళ్ళూ మోసుకొచ్చి గోడలకు తగిలించుకునేవారు. ఈవిడ గొరిల్లాలను అయిదింటిని ఒక్కచోట చూసింది. వాటి మొహాలు ఆవిడకు నచ్చలేదు. కానీ కొమ్మల్లో అవి చేతులమీద ఊగుతూ సాగిపోయే వైనం చూసి, ఏ సర్కసువాళ్ళూ దీనికి సాటిరారని మురిసిపోయింది. చూసి ఊరుకుంది. ఆ చూడ్డమే ఆవిడకు చాలు.

ఆ అడవుల్లో ఉండేవాళ్ళు ఫాంగ్ జాతివాళ్ళు. ఇంగ్లీషులో ఆ మాట వింటే కోరపన్ను గుర్తొస్తుందని ఆవిడ వాళ్ళను “ఫాన్”లని రాసుకుంది. నరమాంస భక్షకులని వాళ్ళకు పేరుపెట్టారు తీరంలోని తెల్లవాళ్ళు. మేరీ వాళ్ళ మధ్యకు అధికారిగా పోలేదు, బోధకురాలిగా పోలేదు, వర్తకురాలిగా పోయింది. గుడ్డలూ, పొగాకూ, గాలాలూ మూటగట్టుకుని, వాటికి మారుగా రబ్బరూ దంతమూ కొంటానంది. బేరమాడే మనిషి ఏ దేశంలోనైనా అర్థమయ్యే మనిషే. పైగా బేరమాడ్డం ఒక ఆడదానికి ఎవరైనా నేర్పాలా? ఒకసారి సరుకు నిండుకుంటే తన తెల్ల జాకెట్లే అమ్మేసింది. మర్నాడు ఒక వస్తాదులాంటి యోధుడు ఆ జాకెట్టు తొడుక్కుని, కింద చిరుత తోకలు వేలాడేసుకుని, ఒళ్ళంతా ఎర్రరంగు పూసుకుని ఊళ్ళో తిరుగుతుంటే చూసి నవ్వాపుకోలేక పోయింది.

ఒక పల్లెలో ఆవిడకు బస ఇచ్చిన గుడిసెలో రాత్రి దుర్వాసన వేసింది. పైన వేలాడుతున్న సంచి దింపి, తన టోపీలోకి కుమ్మరించి చూసింది. మనిషి చెయ్యి, మూడు బొటనవేళ్ళు, నాలుగు కళ్ళు, రెండు చెవులు. మనమైతే తెల్లారేదాకా కేకలు పెడతాం. ఆవిడ అన్నీ జాగ్రత్తగా సంచిలో వేసి, ఎక్కడిది అక్కడ కట్టేసి పడుకుంది. పోయినవాళ్ళ గుర్తులు దాచుకోవడం వాళ్ళ ఆచారమని మరునాడు రాసుకుంది. ఆ మాటలోనూ కొంత వేళాకోళం లేకపోలేదు. కానీ తరవాతి పరిశోధకులు చెప్పింది ఏమిటంటే, పెద్దల కపాలాలనూ ఎముకలనూ చెట్టుబెరడు పెట్టెల్లో భద్రపరిచి, వాటికి కాపలాగా కొయ్యబొమ్మలు నిలిపి కొలవడం ఫాంగుల మతంలో ముఖ్యమైన భాగం. ఆ కొయ్యబొమ్మలే ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పారిస్ చిత్రకారులను ముగ్ధుల్ని చేసి, ఇప్పుడు పెద్ద పెద్ద మ్యూజియాల్లో అద్దాల వెనక ఉన్నాయి. మనం మాత్రం? అస్థికలు కొత్తకుండలో పెట్టి, గుడ్డ కట్టి, గంగకు తీసుకుపోయేదాకా చెట్టుకు వేలాడదియ్యమూ? తెలియనివాడు ఆ కుండ విప్పి చూసి తన దేశంలో ఏమని రాస్తాడో ఎవరికెరుక!

రెంబ్వే నదికి చేరేముందు ఒక బురదకయ్య దాటవలసి వచ్చింది. నీళ్ళు గడ్డందాకా వచ్చాయి. ఒడ్డుకు చేరేసరికి అందరి మెడల చుట్టూ జలగలు బొచ్చు కాలరులా పట్టుకుని ఉన్నాయి. అమ్మకానికి తెచ్చిన ఉప్పు చల్లి వదిలించుకున్నారు. అంతటి అవస్థ తరవాత ఆవిడ జీవితంలోకల్లా హాయైన రాత్రులు వచ్చాయి. ఒబాంజో అనే స్థానిక వర్తకుడి పడవలో రెంబ్వే మీదుగా సముద్రంవైపు ప్రయాణం. పక్కదుప్పటితో చేసిన తెరచాప. ఒబాంజో నిద్రపోతే చుక్కాని ఈవిడ చేతికిచ్చేవాడు. నల్లటి నది, మధ్యలో వెన్నెల దారి, వంటపొయ్యిలో ఎర్రటి నిప్పు, చుట్టూ నిద్రపోతున్న మనుషులు. ఆఫ్రికాలో ఇంత ఆనందం తనకెప్పుడూ కలగలేదని రాసింది. నాకు ఆ ఘట్టం చదివినప్పుడు గుండె పట్టేసినట్టయింది. ఏళ్ళ తరబడి ఒక ఇంటిని నడిపించింది ఆవిడ. అదేమీ ఎవరికీ లెక్కకు రాలేదు. ఈ దుప్పటి తెరచాప పడవను నాలుగు రాత్రులు నడపనిస్తే చాలు, ప్రాణం లేచివచ్చింది.

ఆ తరవాత కొరిస్కో దీవికి వెళ్ళింది. తెల్లటి ఇసుక తీరాల చిన్న దీవి అది. ఇప్పుడు ఈక్వటోరియల్ గినీ దేశంలో భాగం. దీవి మధ్యలో చెరువులున్నాయి. వేసవి చివర ఆ దీవి ఆడవాళ్ళు గుంపుగా బుట్టలతో దిగి చేపలు పడతారని విని, ఆ సంబరం చూద్దామనే అక్కడికి పోయింది. చివరికి సెప్టెంబరు 26న కామెరూన్ పర్వతం ఎక్కింది. నాలుగు వేల మీటర్లు దాటిన శిఖరం. ఆగ్నేయ దిక్కునుంచి ఎక్కింది. తోడు వచ్చినవాళ్ళు చలికి తాళలేక ఒక్కొక్కరే ఆగిపోయారు. ఇంత చేసి పైకి పోతే చుట్టూ పొగమంచు, జానెడు దూరం కనబడలేదు. పేరంటానికి వచ్చి గృహిణి ఇంట్లో లేకపోతే చీటీ పెట్టి పోయినట్టు, తన విజిటింగ్ కార్డు ఒకటి రాళ్ళమధ్య పెట్టి దిగివచ్చింది.

ఆవిడ తిరిగిన చోట్లు ఇప్పుడెలా ఉన్నాయని అడుగుతారేమో. గబాన్ ప్రభుత్వం 2002లో పదమూడు జాతీయ వనాలు ఏర్పాటు చేసింది. రెంబ్వే వచ్చి కలిసే గబాన్ నదీముఖం పక్కనున్న పొంగారా వాటిలో ఒకటి. దాని ఇసుకతీరానికి పెద్ద సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. దక్షిణాన లోవాంగో వనంలో ఏనుగులు అడవిలోంచి నడిచి సముద్రపొడ్డుకు వస్తాయి. ఇక ఓగోవే ఒడ్డున ఆవిడ బసచేసిన లాంబరేనే ఊరు మీకు తెలిసే ఉంటుంది. 1913లో అక్కడికి వచ్చి ఆసుపత్రి పెట్టిన ఆల్బర్ట్ ష్వైట్జర్ కథ మన పిల్లలకు కూడా తెలుసు. ఆయనకంటే పద్ధెనిమిదేళ్ళ ముందు అక్కడి నదిలో సుడులమధ్య ఒంటరిగా పడవ నడపడం నేర్చుకున్న ఆడమనిషి సంగతి మటుకు ఎవరికీ అంతగా తెలీదు.

మేరీ అరవై అయిదు రకాల చేపలతో ఇంటికి చేరింది. వాటిలో మూడింటికి శాస్త్రజ్ఞులు ఆవిడ పేరే పెట్టారు. 1897లో అచ్చయిన ఆవిడ యాత్రాగ్రంథాన్ని జనం ఎగబడి చదివారు. ఊరూరా ఉపన్యాసాలకు పిలిచారు. గుడిసెకింతని పన్ను వేసి సియెరా లియోన్ ప్రజలను ఇబ్బంది పెట్టినప్పుడు, 1898లో, ఆవిడ ఆ పన్నుకు వ్యతిరేకంగా గట్టిగా వాదించింది. ఆఫ్రికావాళ్ళ ఆచారాలను వాళ్ళ బుర్రతో ఆలోచించి అర్థం చేసుకోవాలని చెప్పింది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆవిడను దేవతను చెయ్యనక్కర్లేదు. ఇంగ్లీషువాళ్ళ వ్యాపారం ఆఫ్రికాలో సాగాలనే ఆవిడ కోరుకుంది. జాతులమధ్య తేడాలు పుట్టుకతో వచ్చినవని ఆ కాలపువాళ్ళలాగే నమ్మింది. అన్నిటికంటే విడ్డూరం, ఆడవాళ్ళకు ఓటుహక్కు వద్దంది! పత్రికలవాళ్ళు “నవనారి” అని పొగిడితే ఒళ్ళుమండి కాదని జవాబు రాసింది. లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీవాళ్ళు 1892, 93లో ఇరవై ఇద్దరు స్త్రీలను సభ్యులుగా చేర్చుకుని, తగాదా వచ్చి తలుపులు మూసేసి, మళ్ళీ 1913లోగానీ తియ్యలేదు. ఆ తలుపు తట్టాలని కూడా ఆవిడ అనుకోలేదు.

ఇంత ధైర్యం ఉన్న మనిషికి ఇంత వెనుకంజ ఏమిటని నేను చాలా ఆలోచించాను. ఆవిడ జీవితం మొత్తం వరసగా పెట్టి చూస్తే ఒకటి కనిపిస్తుంది. “నాకు వెళ్ళాలని ఉంది కనక వెళ్తున్నాను” అని ఆవిడ ఎన్నడూ అనలేకపోయింది. మొదటిసారి తండ్రి గ్రంథం కోసం. రెండోసారి మ్యూజియంవాళ్ళ చేపల కోసం. అడవిలో అడిగినవాళ్ళకు లేని మొగుడి కోసం. రెండో యాత్రనుంచి వచ్చాక ఆఫ్రికా వెళ్ళాలని ఎంత తపించినా, తమ్ముడు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అతనికి ఇల్లు చూసిపెడుతూ ఉండిపోయింది. చిరుతను కూజాతో తరిమిన మనిషిని తమ్ముడి భోజనం వేళ ఆపేసింది!

నవ్వకండి. మా అమ్మమ్మ తరంలో ఊరు కదలడానికి మొక్కు కావాలి, పురుడు కావాలి, లేదా చావు కావాలి. సముద్రం చూడాలని ఉందని ఎవరైనా అంటే “దీనికేదో గాలి సోకింది” అనేవారు. అందుకే పుష్కరాలకని వెళ్ళి గోదావరి అందం చూసివచ్చేవారు. మొక్కని చెప్పి ఏడుకొండల మీద చల్లగాలి పీల్చుకునేవారు. దేవుడు వాళ్ళ మొక్కుల్లో ఎన్ని అసలైనవో, ఎన్ని సాకులో తెలిసే ఊరుకుని ఉంటాడు. ఇప్పుడు మన అమ్మాయిలు వీపున సంచి తగిలించుకుని తిరుగుతున్నారు, నిజమే. కానీ ఇల్లు నడిపే వయసు వచ్చాక మనలో ఎందరం సాకు లేకుండా రెండు రోజులు ఊరు కదులుతున్నాం?

1900లో మేరీ మూడోసారి ఆఫ్రికాకు బయలుదేరింది. అప్పటికి దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం. నర్సుగా పనిచేస్తానంది. కేప్‌టౌన్ దగ్గర సైమన్స్ టౌన్‌లో, జబ్బుపడిన బోయర్ ఖైదీలకు, అంటే శత్రువులకు, సేవ చెయ్యమన్నారు. తల్లి మంచం పక్కన నేర్చుకున్న విద్యే అది. రెండు నెలలు చేసింది. అక్కడి సన్నిపాత జ్వరం ఆవిడకూ తగిలి 1900 జూన్ 3న చనిపోయింది. ముప్ఫై ఏడేళ్ళు. ఆవిడ పేరు నిలవాలని స్నేహితులు మరుసటి ఏడాది ఆఫ్రికన్ సొసైటీ అనే సంస్థ స్థాపించారు.

పోయేముందు ఒక్క కోరిక కోరింది. తనను మట్టిలో పెట్టవద్దు, సముద్రంలో వదలమంది. దానికి తండ్రి పేరు లేదు, తమ్ముడి అవసరం లేదు, మ్యూజియం పనిలేదు. సైనిక గౌరవాలతో ఓడలో తీసుకుపోయి నీళ్ళలోకి దించితే పెట్టె మునగలేదు. తేలుతూ అలలమీద పోసాగింది. మళ్ళీ పట్టుకుని ఒక లంగరు కట్టి వదలవలసి వచ్చింది.